జ్వరమొచ్చిన రోజు నాగా ఎవరి ఖాతాలో?

మీలో ఎంతమందికి టూరు మధ్యలో జ్వరం వచ్చిందో నాకు తెలీదు గానీ, నాకు మాత్రం 2019 జూన్‌లో రోము నగరంలో వచ్చింది. మామూలు జ్వరం కాదు, 102. పైగా వాంతులు.

అప్పటికి నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆన్‌సైట్‌లో ఉన్నాను. పది రోజుల సెలవు కోసం రెండు నెలల ముందు నుంచే ఎక్సెల్ షీటు తయారుచేశాను. నాలుగు రోజులు రోము, మూడు ఫ్లోరెన్స్, మూడు వెనిస్. ఏ గంటకి ఎక్కడ ఉండాలో రంగులేసి మరీ రాసుకున్నాను. రైలు టికెట్లన్నీ నాన్ రిఫండబుల్, ఎందుకంటే అవే చవక! బఫర్ మాత్రం ఎక్కడా లేదు. ఆఫీసులో మేనేజరు ఇలాంటి ప్లాన్ ఇస్తే కాంటీన్‌లో కూర్చుని తిట్టుకునేవాణ్ణి.

మొదటిరోజు జ్వరం అని తెలిసి కూడా పారాసెటమాల్ వేసుకుని కొలోసియంకి బయల్దేరాను. "టికెట్టు పోతుంది" అని నా బాధ. "టికెట్టు పోతే పోయింది, నువ్వు పోకు" అని మా ఆవిడ. వినలేదు. క్యూలో నిలబడి గోడకి ఆనుకుని కూలబడ్డాను. మా ఐదేళ్ళ బాబు బిక్కమొహం వేసుకుని ఏడుపు అందుకున్నాడు. అప్పుడు గానీ బుద్ధి రాలేదు.

హోటలు వాళ్ళు డాక్టర్ని పిలిపించారు. షెంగెన్ వీసా కావాలంటే 30,000 యూరోలకి తక్కువ కాకుండా మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలని 2004 నుంచి రూలు ఉంది కదా, ఆ కాగితం నాకు అప్పుడు పనికొచ్చింది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఇండియానుంచా? ఈ మధ్య వెళ్ళొచ్చారా?". రెండోది "మలేరియా ఉందా?". రక్తం తీసుకెళ్ళారు. మలేరియా కాదు, ఏదో కడుపు ఇన్‌ఫెక్షన్. నాలుగు రోజులు కదలొద్దన్నాడు. అంటే ఫ్లోరెన్స్ గోవింద. వెనిస్ కూడా అనుమానమే.

మంచమ్మీద పడుకుని పై కప్పు చూస్తుంటే ఆ మలేరియా ప్రశ్న మీదే నా ఆలోచన. రోములో ఒక ఇటలీ డాక్టరు, హైదరాబాదు పక్కనుంచి వచ్చినవాణ్ణి మలేరియా గురించి అడగడంలో చిన్న తమాషా ఉంది. అసలు మలేరియా అన్న మాటే ఇటలీది. 'మాల ఆరియా' అంటే చెడ్డ గాలి. రోము చుట్టుపక్కల చిత్తడి నేలల గాలి పీల్చడం వల్లే ఈ జ్వరం వస్తుందని వందల ఏళ్ళు నమ్మారు. యూరప్ నలుమూలల నుంచీ రోము చూడ్డానికి వచ్చినవాళ్ళు 'రోమన్ జ్వరం' అంటే హడలిపోయేవాళ్ళు. ఇటలీ మలేరియా లేని దేశం అనిపించుకున్నది 1970లో.

చెడ్డ గాలి కాదు, దోమే అని తేల్చే దారి చూపింది మన సికింద్రాబాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఇదంతా మనం బళ్ళో చదువుకున్నదే. చదువుకోనిది ఇంకోటుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో రాస్ సెలవు పెట్టి ఊటీ వెళ్ళాడు. అక్కడి నుంచి సీగూరు ఘాట్‌కి దిగాడు, ఆయనకే మలేరియా తగిలింది! సెలవు కాస్తా జ్వరంలో కలిసింది. కోలుకుని, జూన్‌లో సికింద్రాబాదు తిరిగొచ్చి, మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. రెండు నెలల్లో దొరికింది.

ఈ కథలో నాకు నచ్చే మనిషి ఇంకొకడున్నాడు, హుసేన్ ఖాన్. రాస్ దోమలకి రక్తం ఇచ్చిన రోగి. కుట్టిన ప్రతి దోమకీ ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. జ్వరంతో పడుకున్నందుకు డబ్బు పుచ్చుకున్న మనిషి మన ప్రాంతపు చరిత్రలో ఇతనొక్కడేనేమో అని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకో కింద చెప్తాను.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. పాత మహబూబ్‌నగర్ జిల్లా, మేము పాలమూరు అంటాం. మా ప్రాంతం మీదుగా పోయిన ప్రయాణికుల గురించి చదవడం నాకు ఎప్పటినుంచో ఉన్న పిచ్చి. జ్వరంలో వాళ్ళే గుర్తొచ్చారు.

మొదటివాడు తెవెనో అనే ఫ్రెంచివాడు. 1633లో పారిస్‌లో పుట్టాడు. 1666 జనవరిలో సూరత్‌లో దిగి, గోల్కొండ చూసి, అక్కణ్ణుంచి మచిలీపట్నం దాకా వెళ్ళాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం బాట అంటే నల్లగొండ సీమ మీదుగా పోయేదే. తిరిగి సూరత్ వెళ్ళి, ఓడెక్కి పర్షియా చేరాడు. అక్కడ పొరపాటున పిస్టల్ పేలి గాయమైంది. 1667 ఎండాకాలమంతా ఇస్ఫహాన్‌లో మంచాన పడ్డాడు. అక్టోబర్‌లో మళ్ళీ బయల్దేరాడు. నవంబర్ 28న దారిలో మియానా అనే ఊళ్ళో పోయాడు. 34 ఏళ్ళు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే బతికేవాడా అంటే ఎవరు చెప్పగలరు? కానీ కొలోసియం క్యూలో కూలబడ్డవాడికి ఆ ప్రశ్న రాకుండా ఉంటుందా!

రెండోవాడు మనవాడే, ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబర్ 3న ఇంటికి చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. కుటుంబం, పరివారం కలిసి దాదాపు 100 మంది. దారిలో చూసిందంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి ఉత్తరాలుగా రాశాడు. అదే 'కాశీయాత్ర చరిత్ర', 1838లో అచ్చయింది. ఆయన అహోబిలం, శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, పానగల్లు, వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాదు వెళ్ళాడు. మా ఊరి పక్కనుంచే పోయాడన్నమాట!

అప్పటి కాలం ఎలాంటిదో చూడండి. 1817లో బెంగాల్లో జెస్సోర్ దగ్గర లేచిన కలరా దేశాలన్నీ చుట్టడం మొదలెట్టి 13 ఏళ్ళే అయింది. అది నీళ్ళ వల్ల వస్తుందని జాన్ స్నో లండన్‌లో చూపించడానికి ఇంకా 24 ఏళ్ళుంది. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనే సామెత ఊరికే పుట్టలేదు. అప్పటి యాత్ర ప్లాను మనలాగా తేదీలతో నడిచేది కాదు, మజిలీలతో నడిచేది. వీరాస్వామయ్య ప్రతి మజిలీ దగ్గరా ఏం రాశాడో చూస్తే తెలుస్తుంది: నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటుందా, దారి రాళ్ళా ఇసకా. మనిషికి బాగాలేకపోతే ఈ ఊళ్ళో ఆగొచ్చా లేదా అని తేల్చుకోడానికి కావాల్సినవి సరిగ్గా ఇవే కదా. నా షీట్‌లో మ్యూజియం తెరిచే టైము ఉంది గానీ, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో లేదు.

ఇక్కడిదాకా ఆలోచించి, నేనేదో పెద్ద చరిత్రకారుణ్ణి అయిపోయినట్టు ఫీలవుతూ నాన్నకి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పి, టికెట్లు, హోటళ్ళు కలిపి ఎంత నష్టమో లెక్క కూడా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"పైసలు పోతే పోనీరా. పండుకుంటానికి మంచం ఉన్నది గద. మీ పెద్దనాయనకు గది గూడ లేకుండె" అన్నాడు.

ఈ కథ నేను ఎప్పుడూ వినలేదు. పెద్దనాయన పాలమూరు లేబర్‌గా పోయేవాడని తెలుసు. అదేం వింత కాదు, మా ఊళ్ళో సగం ఇళ్ళ నుంచి పోయేవాళ్ళు. కృష్ణ, తుంగభద్ర రెండూ జిల్లాని ఒరుసుకుంటూ పోతాయి, అప్పట్లో చేలకి మాత్రం చాలావరకు వానే దిక్కు. అందుకే దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా మా వాళ్ళు కనపడేవాళ్ళు. 1955 డిసెంబర్ 10న నల్లగొండ జిల్లాలో నెహ్రూ నాగార్జునసాగర్‌కి పునాది రాయి వేశాడు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువగా లేచిన ఆ రాతి డ్యాములో పాలమూరు చేతులు బోలెడు. సాగర్ అయ్యాక ఇతర రాష్ట్రాలు. తర్వాత బొంబాయి. మహబూబ్‌నగర్ నుంచి బొంబాయికి 1990ల మొదట్లో వారానికి ఒకటి ఉన్న బస్సు పదేళ్ళలో 30 దాటిందని 2003లో పి. సాయినాథ్ రాశారు.

నేను ఇండియా తిరిగొచ్చాక ఊరికెళ్ళి పెద్దనాయననే అడిగాను. 1980ల మొదట్లో గుజరాత్‌లో కాలువ పనికి పోయాడట. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు, అది తీరేదాకా పది నెలల ఒప్పందం. మూడో నెలలో పెద్దనాయనకి కామెర్లు. గుడిసెలో నేల మీద పడుకున్నాడు.

"ఇంటికి రాకపోయినవా?" అన్నాను.

"ఎట్లొస్తరా? పైసలు తీస్కుంటిమి గద. జరం వచ్చిన దినం కూలి లేదు, సరే. మరి తిన్న గట్క పైసలు గూడ మేస్త్రీ నోటుబుక్కుల రాసిండు. ఒక్క నాగాకు ఇంకొక దినం ఎక్కువ చెయ్యాలె."

పది నెలలకని పోయినవాడు పద్నాలుగు నెలలకి వచ్చాడట. మా పెద్దమ్మ పోయాడనే అనుకుందట. ఇలాంటి వాళ్ళ కోసం చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో వైద్యం ఖర్చు కాంట్రాక్టరే పెట్టుకోవాలని రాశారు కూడా. పెద్దనాయన పడుకున్న గుడిసెదాకా ఆ కాగితం రాలేదు, అంతే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు టీవీలో నడిచిపోతున్నవాళ్ళని చూసి మనమంతా అయ్యో అన్నాం. మా ఇంట్లో ఆయన మాత్రం టీవీ కట్టెయ్యమన్నాడు.

సరే, నా టూరు ఏమైందంటే... వెనిస్ కూడా మానేశాం. రోములోనే ఇంకో నాలుగు రోజులుండి, అన్నం, పెరుగు దొరికిన చోట తిని, బాబుని పక్కనున్న పార్కులో ఆడించి ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చేశాం. డాక్టరు బిల్లు ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చారు. ఆఫీసులో నాలుగు రోజులు సిక్ లీవు కింద రాసుకున్నాను. జర్మనీలో సెలవు మధ్యలో జబ్బుచేసి డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, ఆ రోజులు సెలవు ఖాతాలోంచి తియ్యరు, వెనక్కిస్తారు. అంటే జ్వరమొచ్చినందుకు నాకు నాలుగు రోజులు మిగిలాయి! పెద్దనాయనకి నాలుగు నెలలు పోయాయి.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది, కానీ ఒకటి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. హైదరాబాదు వచ్చాక మా ఫ్లాట్‌లో పనిచేసే ఆమెకి నెలకి రెండు రోజులే సెలవు, మూడోది దాటితే రోజుకింత అని కోసేవాళ్ళం. అపార్ట్‌మెంట్‌లో అందరూ అంతే. ఫ్రిజ్ మీద క్యాలెండర్లో ఆమె రాని రోజుల్ని పెన్నుతో గుండ్రంగా చుట్టేది నేనే. ఆమెది కల్వకుర్తి వైపు ఊరని నాకు తెలుసు, మా యాసే. ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు ఆ క్యాలెండర్ ముందు నిలబడ్డాను. ఆ నెలలో మూడు గుండ్రాలున్నాయి. ఎందుకు రాలేదని నేను ఎప్పుడూ అడగలేదు. మా ఆవిడని అడిగితే "జ్వరమట" అంది.

ఆ నెల నుంచి కొయ్యడం మానేశాం. ఇదేం గొప్ప పని కాదు, కోసిన పాత డబ్బులు తిరిగిచ్చిందీ లేదు. మీ ఇంట్లో క్యాలెండర్ ఎలా ఉందో మాత్రం ఒక్కసారి చూసుకోండి.