అంగుళంలో నూరోవంతు సందు: నార్టన్ కమాండో రబ్బరు బుష్‌ల పుట్టుపూర్వోత్తరాలు

నార్టన్ కమాండోను సెంటర్ స్టాండు మీద నిలిపి స్టార్ట్ చేస్తే ముందు చక్రం దడదడలాడుతుంది. ఇంజిన్ ఊగిసలాట కంటికే కనిపిస్తుంది. కొత్తగా చూసినవాళ్లు బండికేదో రోగం ఉందనుకుంటారు. అదే బండి రోడ్డెక్కి మూడు వేల ఆర్‌పీఎం దాటిందంటే హ్యాండిల్‌లో ఆ వణుకు జాడే ఉండదు. ఈ మాయంతా ఇంజిన్‌కూ ఫ్రేముకూ మధ్య ఉన్న రబ్బరు బుష్‌లది. నార్టన్ వాళ్లు దీనికి ‘ఐసోలాస్టిక్’ అని పేరు పెట్టారు.

దీని వెనక ఒక పాత ఇంజిన్ కథ ఉంది. 1940ల చివర్లో బర్ట్ హాప్‌వుడ్ నార్టన్ కోసం 497 సీసీ జంట సిలిండర్ల ఇంజిన్ రూపొందించాడు. అందులో పిస్టన్లు రెండూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి కాబట్టి ఒకదాని కుదుపును రెండోది ఆపదు. చిన్న ఇంజిన్‌గా ఉన్నంతకాలం అది భరించగలిగేదే. అమెరికా కొనుగోలుదారుల కోసం పెంచుకుంటూ పోగా 1962లో వచ్చిన అట్లాస్ నాటికి 745 సీసీ అయింది. దాన్ని నేరుగా ఫ్రేముకు బిగించడంతో నట్లు వదులయ్యేవి, బల్బుల ఫిలమెంట్లు తెగేవి, నడిపేవాడి చేతులు తిమ్మిరెక్కేవి.

ఇంజిన్ కింద రబ్బరు పెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1931లోనే ప్లిమత్ కారు ‘ఫ్లోటింగ్ పవర్’ పేరుతో ఆ పని చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సన్‌బీమ్ ఎస్7 మోటార్‌సైకిల్ కూడా వణుకు తట్టుకోలేకే రబ్బరును ఆశ్రయించింది. అయితే సన్‌బీమ్‌కు చైన్ లేదు, షాఫ్ట్ డ్రైవ్. చైన్ బండిలో ఇంజిన్ ఒక్కటే రబ్బరు మీద ఊగితే ముందు స్ప్రాకెట్ ఒక దిక్కు, వెనక స్ప్రాకెట్ ఒక దిక్కు అవుతాయి.

1966లో డెనిస్ పూర్ నాయకత్వంలో నార్టన్-విలియర్స్ ఏర్పడింది. రోల్స్ రాయిస్ నుంచి వచ్చిన డాక్టర్ స్టెఫాన్ బాయర్, ఇంజినీర్లు బెర్నార్డ్ హూపర్, బాబ్ ట్రిగ్ కొత్త బండి పని చేపట్టారు. ప్రయోగ దశలో ఉన్న 800 సీసీ ఇంజిన్‌ను పక్కనపెట్టి అట్లాస్ ఇంజిన్‌నే వాడాల్సి వచ్చింది. అప్పుడు వాళ్లు ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ మూడింటినీ ఒకే ముద్దగా బిగించి, ఆ ముద్ద మొత్తాన్ని రబ్బరు మీద వేలాడదీశారు. ఊగితే అన్నీ కలిసి ఊగుతాయి, చైన్ వరస తప్పదు. 1967లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో కమాండో జనం ముందుకొచ్చింది.

ఇక మిగిలింది పక్కలకు ఊగడం. వెనక చక్రం పక్కకు కదిలితే మలుపులో బండి పాములా మెలికలు తిరుగుతుంది. అందుకే రబ్బరును కిందికీ పైకీ, ముందుకూ వెనక్కూ వదిలి, పక్కలకు మాత్రం వాషర్లతో కట్టేశారు. అక్కడ ఉండాల్సిన సందు అంగుళంలో నూరోవంతు, అంటే సుమారు 0.25 మిల్లీమీటర్లు. తగ్గితే వణుకు ఫ్రేములోకి ఎక్కుతుంది, పెరిగితే బండి అదుపు తప్పుతుంది. మొదట్లో పల్చటి షిమ్ములు పేర్చి ఈ సందు సరిచేసేవారు. 1975 నాటి మార్క్ 3లో తిప్పి సరిచేసుకునే ఏర్పాటు వచ్చింది.

బుష్‌లు మార్చడం ఇప్పటికీ ఓపిక పరీక్షే. రబ్బరు బుష్ తాను కూర్చునే గొట్టం కన్నా లావు, ఆ బిగువే దాని బలం. పాత గొట్టం లోపలి తుప్పు గీకి, అంచు పదును ఆకురాయితో అరగదీయాలి. తర్వాత సబ్బు నీళ్లు పూసి, పొడవాటి మరబోల్టు, పెద్ద వాషర్లతో మెల్లగా లోపలికి లాగాలి. సుత్తితో కొడితే రబ్బరు ఎగిరి బయటికొస్తుంది. జారుతుంది కదా అని ఇంజిన్ ఆయిల్ పూస్తే కొన్నాళ్లకు ఉబ్బి మెత్తబడుతుంది.

మోటార్ సైకిల్ న్యూస్ పాఠకులు 1968 నుంచి 1972 దాకా వరుసగా ఐదేళ్లు కమాండోనే ఏటి మేటి బండిగా ఎన్నుకున్నారు. 1980లో హార్లే-డేవిడ్‌సన్ తన టూర్ గ్లైడ్ ఇంజిన్‌ను రబ్బరు మీదికి ఎక్కించింది. మరికొందరు తయారీదారులు వణుకును ఇంజిన్ లోపలే అణిచే బ్యాలెన్సర్ షాఫ్ట్ దారి పట్టారు. 2018లో వచ్చిన మన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 జంట సిలిండర్ల బండ్లదీ ఆ దారే. నార్టన్ మాత్రం రోగాన్ని కుదర్చలేదు, దానికి విడిగా ఒక గది కట్టి ఇచ్చింది. ఆ గది గోడలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి కమాండో యజమానికి సందు కొలిచే ఫీలర్ గేజ్ తప్పదు.