క్లేశప్రయత్నార్థకములగు ఆంగ్లవిశేషణముల చరిత్రము

ఆంగ్లమున హార్డ్, డిఫికల్ట్, ఆర్డ్యుయస్, లెబోరియస్, స్ట్రెన్యుయస్ అను నైదు పదములకును "కష్టమైన" యని యొక్కటే యర్థము చెప్పుట పాఠశాలలయందు వాడుకయైనది. కాని వీని పుట్టుకలు వేఱు. పుట్టుకనాటి ఛాయలు నేటికిని వీనిని విడువలేదు.

వీనిలో హార్డ్ ఒక్కటియే ప్రాచీనాంగ్లపదము. గట్టితనము దాని ముఖ్యార్థము. క్లేశార్థము పిదప గలిగినది. తక్కినవి లాటినుమూలకములు. 1066లో నార్మనులు ఇంగ్లాండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములును, విద్యాపునరుజ్జీవనకాలమున లాటిను పదములును ఆంగ్లమున విరివిగా జేరినవి.

లాటినున "చేయు" అను ధాతువునుండి "సుకరము" అను నర్థముగల ఫకిలిస్ పుట్టెను. దానికి వ్యతిరేకోపసర్గము చేరగా డిఫికిలిస్ అయ్యెను. సంస్కృతమున దుష్కరశబ్దనిర్మాణము నిట్టిదే. కావున డిఫికల్ట్ క్రియాగతమగు క్లేశమును దెలుపును. ఱాతిని హార్డ్ అనవచ్చును గాని డిఫికల్ట్ అనరాదు. క్లిష్టాన్వయముగల పద్యమునకు రెండును జెల్లును.

ఆర్డ్యుయస్ మూలమునకు "నిటారైన" యని యర్థము. 1755లో వెలువడిన జాన్సను నిఘంటువు సయితము ఔన్నత్యమును, ఆరోహణక్లేశమును మొదట జెప్పి, కష్టమను నర్థమును పిదప జెప్పినది. దీర్ఘమై, ఎక్కినకొలది అలసట గొలుపు కార్యమునకు ఈ పదము తగును. లెబోరియస్ శ్రమబాహుళ్యమును దెలుపును. బృహద్గ్రంథమునకు అకారాదిసూచి కూర్చుట లెబోరియస్. అది డిఫికల్ట్ కానక్కఱలేదు.

స్ట్రెన్యుయస్ చరిత్రము విచిత్రమైనది. లాటినున నిది చుఱుకైన పరాక్రమశాలికి విశేషణము. 1601నాటి పొయెటాస్టర్ అను ప్రహసనమున బెన్ జాన్సన్ తన ప్రతిస్పర్ధియగు మార్స్టనును బోలిన పాత్రకు ఔషధ మిప్పించి, ఆడంబరపదములను గ్రక్కించెను. వానిలో నిదియు నొకటి. అపహాస్యమునకు గుఱియైన యీ పదమే నిలిచి, 1899లో థియొడోర్ రూజ్వెల్టు చికాగోలో జేసిన ప్రసిద్ధోపన్యాసమునకు శీర్షికలో జేరినది. అచ్చట నది నిందకాదు, ప్రశంస.

కావున కాఠిన్యము వస్తువునందా, క్రియయందా, మార్గమునందా, శ్రమపరిమాణమునందా, లేక తీవ్రత కర్తయొక్క పూనికయందా యని విచారించి, కఠినము, దుష్కరము, దురారోహము, శ్రమసాధ్యము, తీవ్రయత్నయుతము అను పదములలో దగినదానిని గ్రహింపవలెను. స్ట్రెన్యుయస్ అని చెప్పబడిన ప్రతిఘటనమును "కష్టమైన ప్రతిఘటన" మని తెనిగించినచో, ఎదిరించినవాని పౌరుషము మఱుగుపడి క్లేశము మాత్రమే మిగులును. పర్యాయములని తోచు పదములను విడదీయుట పాండిత్యప్రదర్శనము కాదు. కర్తకు రావలసిన గౌరవమును కర్తకే చెల్లించుట.