ఫైల్‌సిస్టమ్ పునరుద్ధరణ

సర్వర్ నడుస్తుండగా కరెంటు పోయినా, కెర్నల్ కుప్పకూలినా డిస్కు మీది ఫైల్‌సిస్టమ్ లెక్కలు తప్పవచ్చు. వాటికి మళ్ళీ పొంతన కుదిర్చి ఫైళ్ళను దక్కించుకోవడమే ఫైల్‌సిస్టమ్ పునరుద్ధరణ. 2001లో లినక్స్ కెర్నల్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 ఫైల్‌సిస్టమ్, దాని తర్వాతి తరం ఈఎక్స్‌టీ4 చేయబోయే మార్పును ముందే జర్నల్‌లో రాసుకుంటాయి. మామూలు అమరికలో జర్నల్‌కెక్కేది ఫైళ్ళ వివరాలే; లోపలి పాఠం కాదు.

జర్నల్‌తో లెక్కలు సరికాకపోతే, ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే కావాలి. మౌంట్ అయి ఉన్న డిస్కుపై దాన్ని మరమ్మతుకు నడపడం ప్రమాదం. డిస్కే చెడిందన్న అనుమానముంటే ముందు డీడీరెస్క్యూ అనే సాధనంతో డిస్కు నకలు తీసి, ఆ నకలు మీదే పనిచేయాలి. ఈ జాగ్రత్తకు మినహాయింపు లేదు. ఫైల్‌సిస్టమ్ మూల వివరాలుండే మొదటి సూపర్‌బ్లాక్ పాడైతే అదనపు ప్రతి ఉంటుంది: 4 కేబీ బ్లాకులున్నచోట సాధారణంగా 32768వ బ్లాకులో.

మరమ్మతులో ఏ ఫోల్డర్‌కూ చెందకుండా మిగిలిన ఫైళ్ళు ‘లాస్ట్+ఫౌండ్’ ఫోల్డర్‌లోకి చేరతాయి, పేరు పోయి ఐనోడ్ (ఫైలు వివరాల నమోదు) సంఖ్యతో. విజయవాడలోని గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు వంటి ప్రచురణ కేంద్రాల్లో ఇలా పేర్లు పోవడం పెద్ద చిక్కు. యూనికోడ్‌లో, సాదా పాఠంగా ఉన్న పుస్తకమైతే అందులోని ఒక తెలుగు మాటతో వెతికి పట్టుకోవచ్చు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చిన పాత పేజీల్లో ఆ వెతుకులాట ఫలించదు; అక్షరాలు అక్కడ వేరే సంకేతాలుగా ఉంటాయి. ఆ ఫాంటు సంకేతాల్లోకి మాటను మార్చి వెతకాలి, లేదా ఒక్కో ఫైలూ తెరిచి చూడాలి.

పాఠమే చెరిగిపోయిన ఫైలును ఎఫ్‌ఎస్‌సీకే తిరిగి తేలేదు. దానికి వేరేచోట దాచిన బ్యాకప్ ఒక్కటే ఆధారం. అదే సర్వర్‌లోని డిస్కులను కలిపి వాడే రెయిడ్ బ్యాకప్ కాదు.