తల ఊడని పురుగు



మాది బాలానగర్. ఐ.డి.పి.ఎల్. మందుల ఫ్యాక్టరీ నడిచిన రోజుల నుంచీ మా పేటలో ఒక అలవాటుంది. మందుల ఊళ్ళో ఉంటున్నాం కదా అని ప్రతివారూ ఎదుటివారికి మందు చెప్పేస్తారు. నేనూ అందులో తక్కువదాన్నేం కాదు.

ఒకరోజు మా పక్కవాటా అమ్మాయి వచ్చింది. "అక్కయ్యగారూ, మా వాడికి విరేచనంలో గుమ్మడిగింజల్లాంటి తెల్లటి ముక్కలు పడేవి. ఎదురింటి బేగంగారు కద్దూదానా అన్నారు. షాపులో ఏదో మాత్ర ఇస్తే వేశాను. మూరెడు నాడా లాంటిది పడిపోయింది. ఇక తగ్గిపోయినట్టేగా?" అంది. అంత పొడుగుది పడ్డాక ఇంకేం మిగులుతుంది, తగ్గిపోయినట్టే అన్నాను. మూడు నెలలు తిరిగేసరికి గింజలు మళ్ళీ మొదలు. అప్పుడు ఇద్దరం పిల్లాణ్ణి తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెద్దవయసు ఆయన. అంతా విని, "తల పడిందా? చూశారా?" అని అడిగారు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

ఆ ఒక్క ప్రశ్న వెనక చాలా కథ ఉందని తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. అదే మీకు చెబుదామని వచ్చాను.

ఆ నాడా లాంటిది బద్దె పురుగు. దాని తల ఆవగింజంత. ఆ తలతో పేగుకి అతుక్కుని, మెడ దగ్గర కొత్త ముక్కలు తయారుచేస్తూ ఉంటుంది. మగ్గం మీద బట్ట ఎలా దిగుతుందో అలా పాత ముక్కలు కిందికి జరుగుతాయి. మూరెడు బట్ట కత్తిరించుకుపోయినంత మాత్రాన మగ్గం ఆగుతుందా?

ఇది బల్లపరుపు పురుగుల కులానికి చెందింది. వెన్నెముక లేని జీవులు. గొర్రెల కాపరులు జలగ అని తిట్టుకునే కార్జపు పురుగు కూడా వీటి బంధువే. కానీ ఆ కులంలో మంచివాళ్ళూ ఉన్నారు. మంచి నీళ్ళల్లో, రాళ్ళ అడుగున ప్లనేరియా అని గోరంత పురుగు ఉంటుంది. రెండు కళ్ళూ మెల్లకన్ను పిల్లాడి కళ్ళలా కనిపిస్తాయి. ఎవరి జోలికీ రాదు. అలా స్వతంత్రంగా బతికిన పూర్వీకుల నుంచే ఒక శాఖ వేరుపడి ఇతర ప్రాణుల ఒంట్లోకి కాపురానికి వెళ్ళిందని జీవపరిణామం చదివినవాళ్ళు చెబుతారు. వండి వడ్డించిన భోజనం దొరికాక బద్దె పురుగుకి నోరూ, పేగూ కూడా పోయాయి. ఒంటితోనే పీల్చేసుకుంటుంది.

ప్లనేరియాని కోస్తే చావదు. కత్తితో దీన్ని చంపడం దాదాపు సాధ్యం కాదని స్కాట్లండులో డాలియెల్ అనే ఆయన 1814లోనే రాశారు. 1898లో అమెరికాలో మోర్గాన్ గారు కోసి కోసి చూస్తే, పురుగులో 279వ వంతు ముక్క కూడా మళ్ళీ పూర్తి పురుగు కాగలదని తేలింది. అప్పుడాయన బ్రిన్ మార్ అనే ఆడపిల్లల కాలేజీలో మేష్టారు. తర్వాత 1933లో నోబెల్ బహుమతి వచ్చింది, అది వేరే పనికి. అదే కాలేజీలో హ్యారియట్ రాండాల్ఫ్ అనే ఆవిడ, వానపాముల బంధువైన ఒక పురుగుకి తోక తిరిగి ఎలా మొలుస్తుందో చూసి, ఆ పని చేసే కణాలకి 1892లో నియోబ్లాస్టులు అని పేరు పెట్టింది. ప్లనేరియా మీద కూడా పనిచేసింది. ఆ మాట ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతోంది గాని, పెట్టినావిడ పేరు ఎంతమందికి తెలుసు?

ఇంకొకావిడ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. లిబీ హైమన్. 1888లో పుట్టింది. హైస్కూల్లో అందరికంటే మొదటిగా ప్యాసై, చేసేది లేక ఓట్స్ ఫ్యాక్టరీలో డబ్బాలకి లేబుళ్ళు అంటించింది. ఒక టీచరమ్మ చూసి, అయ్యో ఇదేమిటని స్కాలర్‌షిప్ ఇప్పిస్తే షికాగో యూనివర్సిటీకి వెళ్ళింది. 1915లో డాక్టరేటు. పగలు లేబొరేటరీలో పురుగులు, ఇంటికొస్తే తల్లికీ, అన్నదమ్ములకీ వంటావార్పూ. మీకు తెలియని బతుకా! తల్లి పోయాక, తను రాసిన పాఠ్యపుస్తకాల మీద వచ్చే డబ్బు చూసుకుని 1931లో ఉద్యోగం మానేసింది. న్యూయార్కు మ్యూజియంలో జీతం లేకుండా ఒక గది తీసుకుని, వెన్నెముక లేని జీవుల మీద ఆరు సంపుటాలు రాసింది. మొదటిది 1940లో, చివరిది 1967లో. రెండోది, 1951 నాటిది, ముఖ్యంగా ఈ బల్లపరుపు పురుగుల గురించే. అందులో బొమ్మలు కూడా తనే వేసుకుంది.

ఇక కొత్త సంగతులు. పాలకోడేటి దశరథి గారు (ఇంటిపేరు మనవైపుదే) 2008లో, అమెరికాలో పనిచేస్తుండగా, ఈ నియోబ్లాస్టులు పనిచెయ్యడానికి అవసరమైన రెండు ప్రోటీన్ల సంగతి తోటివారితో కలిసి ప్రకటించారు. తర్వాత బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థలో ప్లనేరియాల మీదే పరిశోధన సాగించారు. 2011లో ఇంకొక బృందం, రేడియేషన్‌తో కణాలన్నీ చచ్చిపోనున్న పురుగులో ఒకే ఒక్క నియోబ్లాస్టు పెడితే పురుగు మళ్ళీ బతికి బట్టకట్టిందని చూపించింది. 2019లో ఎలుకల బద్దె పురుగుని కోసి చూశారు. మెడ ఉన్న ముక్కే కొత్త గింజలు కట్టింది. కానీ తల లేకపోతే కొన్నాళ్ళకి ఆ మెడ కూడా తరిగిపోయి, పని ఆగిపోయింది. తల మాత్రం ఏ ముక్కకీ తిరిగి మొలవలేదు.

మా డాక్టరుగారి ప్రశ్నకి అర్థం అదన్నమాట.

ఆయన ఇంకొకటి కూడా అడిగారు: పిల్లాడికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని. ఆ తల్లి మొహం పాలిపోయింది. హైమన్ పుట్టిన ఆ 1888లోనే మన మద్రాసులో, మూర్ఛలొచ్చి చనిపోయిన ఒక కూలీ శవాన్ని పరీక్షించి, మెదడులో బద్దె పురుగు పిల్లల తిత్తులున్నాయని ఆర్మ్‌స్ట్రాంగ్ అనే డాక్టరు రాశారు. తర్వాత ఇండియాలో పనిచేసి వెళ్ళిన ఇంగ్లీషు సిపాయిల్లో ఇదే జబ్బు బయటపడింది. 1961లో అలాంటి 450 మంది వివరాలు అక్కడ అచ్చయ్యాయి. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాడికి కడుపులో పురుగు పడుతుంది. ఆ పురుగు గుడ్లు చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, కడగని కొత్తిమీర ద్వారా ఇంకొకరి నోట్లోకి వెళితే, ఆ రెండోవాళ్ళకి మెదడులో తిత్తులు కడతాయి. ఆ రెండోవాళ్ళు ఉల్లిపాయ కూడా ముట్టని శాకాహారులైనా సరే. పశుమాంసం ద్వారా వచ్చే రకం ఈ పని చెయ్యదు గాని, రెండిటి గింజలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయట. అందుకే ఆయన ఏ రకమో తేల్చేదాకా ఇంటిల్లిపాదీ గోళ్ళు కత్తిరించుకోండి, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి అని కసిరినట్టే చెప్పారు.

పరీక్షలో పశుమాంసం రకమేనని తేలింది. పిల్లాణ్ణి తూచి, బరువుని బట్టి మాత్ర ఇచ్చారు. "ఈ మందుకి తల ఒక్కోసారి లోపలే కరిగిపోతుంది, వెతికినా దొరకదు. మూడు నెలలు గింజలు పడకపోతేనే పోయినట్టు" అన్నారు. ఆ అమ్మాయి గోడమీది క్యాలెండర్‌లో రోజూ ఒక గీత గీసింది. తొంభై గీతలయ్యాక మా ఇంటికి మైసూర్‌పాకు తెచ్చింది. ఈసారి మాత్రం తగ్గిపోయిందా అని నన్నడగలేదు.