పర్సనల్ రిజిష్టరు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితం గూర్చి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగి నెల దాటింది. ఏమి వ్రాయాలా అని అనుకుంటూ ఉండగా, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మనవడు పండుగకు వచ్చాడు. ఆఫీసులో పని త్వరగా తెమలడానికి ఫోనులో దొరికిన సలహాలు చదివి వినిపించాడు. వచ్చిన ప్రతి పనినీ ఒకచోట వ్రాసుకోవాలట. ఎదుటివారి జవాబు కోసం ఆగినవి విడిగా పెట్టుకోవాలట. వారానికొకసారి మొత్తం తిరగేసి చూడాలట.

"ఒరే, ఇది మా పి.ఆర్. కదరా!" అన్నాను. వాడికి పి.ఆర్. అంటే తెలియదు. మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలకు తెలియదు గనుక ఈ నాలుగు మాటలు.

పి.ఆర్. అంటే పర్సనల్ రిజిష్టరు. మదరాసు రాజధానిలో బ్రిటిషు వారి కాలంలో వచ్చిన ఆఫీసు పద్ధతికి ఇది గుండెకాయ. టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి పేరు మీద దానిని టాటెన్‌హామ్ పద్ధతి అంటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా, జిల్లా ఆఫీసు మాన్యువల్ రూపంలో అదే నడిచింది. తమిళనాడు, కేరళ ఆఫీసులకూ అదే వారసత్వం.

తపాలు విప్పగానే ప్రతి కాగితానికి తేదీ ముద్ర, డిస్ట్రిబ్యూషన్ రిజిష్టరులో నెంబరు పడేవి. దానినే కరెంటు అనేవాళ్ళం. (ఈ రోజు ముప్ఫై కరెంట్లు వచ్చాయంటే, పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ లైటు వంక చూసేది.) సీటుకు వచ్చిన కరెంటును గుమాస్తా తన పి.ఆర్.లో ఎక్కించుకోవాలి. ఎవరి నుంచి వచ్చింది, ఏ విషయం, పై అధికారికి ఎప్పుడు పెట్టాము, ఎవరికి వ్రాశాము, జవాబు ఎప్పుడు వచ్చింది, చివరకు ఎలా ముగిసింది, అన్నిటికీ గళ్ళు ఉండేవి. ఎవరి పుస్తకం వారిదే. కాగితం నాకు రాలేదని బుకాయించడానికి వీలుండదు. నెలనెలా పంపే నివేదికలకు పీరియాడికల్ రిజిష్టరు, చాలాకాలం ఆగవలసిన వాటికి కాల్ బుక్ వేరే ఉండేవి.

ముగిసిన ఫైలుకూ గుర్తులుండేవి. ఎల్.డిస్. అయితే ఒక్క సంవత్సరం ఉంచాలి, డి.డిస్. పదేళ్ళు, ఆర్.డిస్. శాశ్వతం. ఎన్.డిస్. అంటే మన దగ్గర ఏమీ ఉంచుకోకుండా కాగితాన్ని వచ్చినచోటికే త్రిప్పి పంపడం.

ఈ ఎన్.డిస్.తోనే నేను తప్పు చేశాను. 1972లో ఎల్.డి.సి.గా చేరాను. రెండేళ్ళు తిరిగేసరికి మా సెక్షనులో నా పి.ఆర్. అంత శుభ్రమైనది లేదని పేరు. సూపరింటెండెంటు గారు నా పుస్తకాన్ని మిగతావారికి చూపించేవారు. చనిపోయిన ఒక అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు క్రింది ఆఫీసు నుంచి వచ్చాయి. ఒక సర్టిఫికెట్టు తక్కువ. నెలాఖరు. ఎన్.డిస్. కొట్టి త్రిప్పి పంపేశాను. పుస్తకంలో ఒక పెండింగు తగ్గింది.

నాలుగు నెలల తరువాత ఆవిడ చంటిపిల్లతో వచ్చి మా వరండాలో కూర్చుంది. వెదికితే నా దగ్గర కాగితం ముక్క లేదు; క్రింది ఆఫీసులో అది ఏ కట్టలోనో ఉంది. నిబంధన ప్రకారం నా తప్పేమీ లేదు. మా సెక్షనులోని పెద్దాయన, యు.డి.సి., ఒక్కమాట కూడా అనలేదు. సైకిలు తీసుకుని తానే ఆ ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రానికి సర్టిఫికెట్టుతో సహా కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆ నాలుగు నెలలూ ఆవిడ ఎలా గడిపిందో అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు ఈ-ఆఫీసులో ఏ ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో కంప్యూటరే చెబుతుందట. మంచిదే. ఏ ఫైలు వెనుక ఎవరు కూర్చుని ఉన్నారో మా పి.ఆర్.లో గడి లేదు. అందుకని ఆ మర్నాటి నుంచి పెన్షన్ కేసులకు మార్జినులో పెన్సిలుతో చుక్క పెట్టుకోవడం మొదలుపెట్టాను. 2007లో ఛార్జి అప్పగించేనాటికి మూడు చుక్కలు మిగిలాయి. నా సీటులోకి వచ్చిన కుర్రవాడికి ఆ మూడూ చూపించి, పెన్సిలు కూడా అక్కడే పెట్టి ఇంటికి వచ్చాను.