హైడ్రోజన్ కారు ఎలా నడుస్తుంది?

నీటిలో కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయని పదో తరగతి పిల్లలు చదివారు కదా. ఈ కారులో జరిగేది దానికి తిరగేసిన పని. ట్యాంకులోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ ఫ్యూయల్ సెల్‌లో కలిసి కరెంటు పుట్టిస్తాయి, మోటారు తిరుగుతుంది. బయటికొచ్చేది నీళ్లే. మన బిడదిలో ఫ్యాక్టరీ ఉన్న టయోటా కిర్లోస్కర్ వారి మిరాయ్ ఇలాంటిదే. 2022 మార్చిలో ఢిల్లీలో దాని పరీక్షలు మొదలయ్యాయి.

ఇంజిన్ ఆయిల్ బాధ లేదు. కానీ ట్రాఫిక్ పొగలోని గంధక వాయువులు సెల్‌లోని ప్లాటినాన్ని చెడగొడతాయి, గాలి ఫిల్టరు వేళకి మార్చాల్సిందే. ట్యాంకులో పీడనం 700 బార్లు, టైరులో ఉండేదానికి సుమారు 300 రెట్లు! కాబట్టి తల్లిదండ్రులారా, వీధి మెకానిక్ చేత విప్పించే బండి కాదిది.

ఇక ఆ హైడ్రోజన్ ఎక్కడిది? ఇప్పటికీ ఎక్కువగా సహజవాయువు, బొగ్గు నుంచే తీస్తున్నారు. పొగ అక్కడ వస్తోంది.