పర్మిట్ నుంచి చిప్ దాకా: సరుకు బండి కోసం నిరీక్షణ

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలో, శ్రీశైలం రహదారికీ శంషాబాద్ విమానాశ్రయానికీ చేరువలో ఉన్న మంఖాల్ పరిసరాల్లో సరుకు రవాణా తీరు 2008 తరువాత పూర్తిగా మారింది. ఆ ఏడాది మార్చిలో విమానాశ్రయం మొదలుకావడం, తరువాతి సంవత్సరాల్లో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు తుక్కుగూడ మీదుగా సాగి పూర్తికావడం, పొలాలు వెంచర్లుగా, గోదాములుగా మారడం వల్ల సిమెంటు బస్తాల నుంచి కూరగాయల బుట్టల దాకా చేరవేసే పికప్ బండికి, అంటే ముందు క్యాబినూ వెనుక పైకప్పు లేని ట్రాలీ ఉండే తేలికపాటి సరుకు వాహనానికి, గిరాకీ పెరిగింది. ఇటువంటి బండికి అడ్వాన్సు కట్టి నెలల తరబడి ఎదురుచూడవలసి రావడం 2021 ప్రాంతంలో కొత్త ఇబ్బందిగా కనిపించినా, దాని వెనుక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో రెండు ముఖ్య ఘట్టాలకు జహీరాబాదూ, మంఖాల్ పొరుగునే ఉన్న రావిర్యాలా వేదికలయ్యాయి.

1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద ఏ కర్మాగారం ఎన్ని వాహనాలు తయారుచేయాలో ప్రభుత్వం ఇచ్చే లైసెన్సే నిర్ణయించేది కాబట్టి, గిరాకీ ఎంత పెరిగినా ఉత్పత్తిని తమంతట తాము పెంచుకునే స్వేచ్ఛ కంపెనీలకు ఉండేది కాదు. కొరత ఏర్పడిన చోట పంపిణీని కూడా ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. 1960లో వచ్చిన స్కూటర్ల పంపిణీ, విక్రయ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం బండి కావలసినవారు పోస్టాఫీసు పొదుపు ఖాతాలో నిర్ణీత ధరావతు వేసి, ఆ పాస్‌బుక్కును డీలరు పేర తాకట్టు పెట్టి, రిజిస్టరులో తమ వరుస కోసం ఏళ్ల తరబడి వేచి ఉండేవారు. అంత ఓపిక లేనివారు అసలు ధరపై మరికొంత పెట్టి బ్లాకులో కొనేవారు. సరుకు వాహనం కొనేవారికైతే రెండో నిరీక్షణ కూడా తప్పేది కాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద రవాణా అధికారులు పర్మిట్ మంజూరు చేస్తేనే, అంటే ఫలానా దారిలో లేదా ప్రాంతంలో కిరాయికి తిప్పుకోవడానికి అనుమతిస్తేనే, ఆ బండి చట్టబద్ధంగా రోడ్డెక్కేది.

ఈ కొరతను తీర్చగలిగిన నైపుణ్యం హైదరాబాదులో లేకపోలేదు. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం నగరంలో మోటారు మరమ్మతు పనివారి తరాన్ని తయారుచేసింది. 1942లో నిజాం పారిశ్రామిక ట్రస్టు నిధి, అల్లాదిన్ కంపెనీ కలిసి స్థాపించిన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ సనత్‌నగర్ కర్మాగారంలో బస్సు బాడీలు కట్టింది, రిఫ్రిజిరేటర్లు చేసింది. లేనిదల్లా లైసెన్సు. 1980ల తొలి సంవత్సరాల్లో కేంద్రం తేలికపాటి వాణిజ్య వాహనాల రంగంలో జపాను సంస్థల సహకారానికి అనుమతించినప్పుడు నాలుగు కొత్త సంస్థలు పుట్టాయి: డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. వీటిలో నాలుగోది అప్పటి మెదక్ జిల్లాలోని జహీరాబాద్‌లో నెలకొంది. మొదటిదాని పేరు మాత్రం కంపెనీ కనుమరుగైన తరువాత కూడా తెలంగాణ పల్లెల్లో ‘డీసీఎం వ్యాను’గా నేటికీ నిలిచి ఉంది.

నాలుగు కర్మాగారాలు దాదాపు ఒకేసారి ఉత్పత్తిలోకి దిగడంతో ఈ తరగతి బండ్ల విషయంలో పరిస్థితి తలకిందులై, కొనేవారి కోసం అమ్మేవారే వెతకవలసి వచ్చింది. 1985 సెప్టెంబరులో న్యూయార్కులో జరిగిన ప్లాజా ఒప్పందం తరువాత జపాను కరెన్సీ యెన్ విలువ బాగా పెరిగి, అక్కడినుంచి తెప్పించుకునే విడిభాగాల ఖర్చు ఇక్కడి కంపెనీలకు మోయలేని భారమైంది. సరిగ్గా ఆ సమయానికే, 1986లో, టాటా సంస్థ స్వదేశంలో రూపొందించిన 407 బండిని విడుదల చేసింది. నష్టాల్లో పడ్డ ఆల్విన్ నిస్సాన్ 1980ల చివర మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్ కర్మాగారం మూతపడలేదు. 2015లో మార్కెట్లోకి వచ్చిన జీతో అనే చిన్న సరుకు బండి అక్కడే తయారైంది.

నిరీక్షణలో రెండో భాగాన్ని, అంటే పర్మిట్ కోసం ఎదురుచూపును, 1988 నాటి కొత్త మోటారు వాహనాల చట్టం చాలావరకు తొలగించింది. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని వాహనాలకు ఆ చట్టంలోని 66వ సెక్షన్ పర్మిట్ అవసరం లేకుండా చేసింది. చిన్న బండ్ల విస్తరణకు రోడ్లు ఎంత కారణమో ఈ మినహాయింపు కూడా అంతే కారణమన్నది గుర్తించదగిన విషయం. 1991 పారిశ్రామిక విధానం లైసెన్సుల వ్యవస్థను చాలా రంగాల్లో ఎత్తివేయగా, 2005లో వచ్చిన టాటా ఏస్ ఆటోకూ లారీకీ నడుమ ఉన్న ఖాళీని నింపింది. రైతు, మేస్త్రీ, కిరాణా వ్యాపారి తానే బండి యజమాని కాగలిగిన కాలం అది.

మూడో నిరీక్షణకు, అంటే 2021 నాటిదానికి, కారణం పూర్తిగా వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్ 6 ఉద్గార ప్రమాణాల ప్రకారం డీజిల్ ఇంజనులోకి ఇంధనం ఎంత పోవాలో, పొగను ఎలా శుద్ధి చేయాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె కిరాయికి తిరిగే పికప్‌కు కూడా తప్పనిసరి అయింది. ఆ పెట్టెలోని ఒక్క చిప్ రాకపోతే మిగతా బండంతా సిద్ధంగా ఉన్నా కర్మాగారం దాటదు. కోవిడ్ తొలి నెలల్లో వాహన సంస్థలు ఆర్డర్లు రద్దు చేసుకోవడం, చిప్ తయారీదారులు ఆ సామర్థ్యాన్ని ల్యాప్‌టాప్‌లకు, ఫోన్లకు మళ్లించడం, 2021 మార్చిలో జపానులోని రెనెసాస్ కర్మాగారం అగ్నిప్రమాదానికి గురికావడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆ సెప్టెంబరులో మహీంద్రా తన వాహన విభాగంలో ఏడు రోజుల దాకా ఉత్పత్తి ఆగవచ్చనీ, ఉత్పత్తి 20 నుంచి 25 శాతం తగ్గవచ్చనీ ప్రకటించింది. 2022 జనవరిలో భారత మార్కెట్లోకి వచ్చిన టయోటా హైలక్స్ పికప్‌కు గిరాకీ, సరఫరా పొంతన కుదరక కొద్ది వారాల్లోనే బుకింగులు నిలిపివేసి, మళ్లీ 2023లో తెరిచారు.

ఈ ఘట్టానికి మంఖాల్ పొరుగుతో ఉన్న సంబంధం బాధ కలిగించేది. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం రావిర్యాల వద్ద వెయ్యి ఎకరాలకు పైగా భూమితో ఫ్యాబ్ సిటీని తలపెట్టింది. ఫ్యాబ్ అంటే సిలికాన్ పలకలపై సూక్ష్మ విద్యుత్ వలయాలను రూపొందించే చిప్ కర్మాగారం. సెమిండియా అనే సంస్థ ఏఎండీ సాంకేతికతతో 300 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టనున్నట్లు ప్రకటించింది. అయితే చిప్ పరిశ్రమకు కేంద్ర ప్రోత్సాహక విధానం 2007లో గానీ వెలువడలేదు; ఆ కర్మాగారం నిర్మాణమే జరగలేదు; భూమిలో కొంత సౌర ఫలకాల తయారీకి, తరువాత ఎలక్ట్రానిక్స్ వస్తువుల కూర్పుకు వెళ్లింది. ఆ ఒక్క కర్మాగారం నిలబడి ఉంటే 2021 కొరత రాకుండా పోయేదని అనలేం గానీ, ఏళ్ల అనుభవం, పనివారు, అనుబంధ పరిశ్రమలు ఈ ప్రాంతానికి దక్కి ఉండేవి.

నిరీక్షణ భారం మాత్రం ప్రతి కాలంలోనూ చివరికి కొనేవాడిపైనే పడింది. బండి ఆలస్యమైతే చిన్న యజమాని తన కిరాయిలు వదులుకోవాలి, లేదా ఇంకొకరి బండిని అద్దెకు తెచ్చి లాభం వారికి పంచాలి. పైగా డెలివరీ నాటి ధరే చెల్లుతుందనే షరతు వల్ల మధ్యలో పెరిగిన ధర కూడా అతనిదే. పాత పద్ధతిలో ఎన్ని అన్యాయాలున్నా పోస్టాఫీసు ధరావతు కొనుగోలుదారు పేరునే ఉండి వడ్డీ తెచ్చేది, అతని వరుస రిజిస్టరుకెక్కేది. నేటి అడ్వాన్సుకు సాధారణంగా వడ్డీ ఉండదు. తనకు ముందు ఎందరున్నారో చూసుకోవడానికి బహిరంగ పట్టీ లేదు. లైసెన్సులు పోయినప్పుడు వాటితో పాటు ఈ రెండు రక్షణలూ పోవలసిన అవసరం లేదు. వాటిని తిరిగి నెలకొల్పడానికి కొత్త కర్మాగారం కూడా అక్కరలేదు.